బ్రోషర్లో మొక్కలు కాదు, చలాన్లు చూపించండి

పోయిన నెల ఈ శీర్షికలో "గ్రీన్ బిల్డింగు అంటే టెర్రస్ మీద తోట కాదు, గేటు దగ్గర దిగే లారీ" అని ఒక ముక్క రాసి వదిలేశాను. దాని మీదే ఇన్ని ప్రశ్నలు వస్తాయని అనుకోలేదు, అందుకే ఈసారి అన్నీ ఆ సంగతే. గ్రీన్ సప్లై చైన్ అనేది వినడానికి పెద్ద కంపెనీల మీటింగుల్లో మాటలా ఉంటుంది కానీ విడమరిస్తే ఇంతే: సిమెంటు, స్టీలు, ఇసుక, ఇటుక ఎలా తయారవుతున్నాయి, ఎంత దూరం నుంచి వస్తున్నాయి, సైటులో ఎంత పాడవుతోంది, మిగిలిన చెత్త ఎటు పోతోంది, ఇవన్నీ కొనేవాడు పట్టించుకోవడం.

ప్రశ్న: సార్, నేను నిజాంపేట వైపు స్టిల్టు మీద ఐదంతస్తులు కట్టి అమ్ముకునే చిన్న బిల్డర్ని. ఈమధ్య ఫ్లాటు చూడ్డానికి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు "మీ మెటీరియల్ గ్రీనేనా?" అనడిగితే, పైన సోలార్ పెడుతున్నామని చెప్పి తప్పించుకున్నాను. నిజంగా ఇది మాలాంటివాళ్లు చేయగలిగేదేనా? చేస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక బిల్డర్, హైదరాబాద్

జవాబు: సోలార్ మంచిదేనండీ, కాకపోతే అది మీరు తాళాలు చేతికిచ్చాక మొదలయ్యే లెక్క, ఆ కుర్రాడు అడిగింది కట్టేటప్పటి లెక్క.

మీ బిల్డింగు 20 వేల చదరపు అడుగులనుకుందాం. మనవాళ్ల మోటు లెక్కలో అడుగుకి 0.4 బస్తా సిమెంటు, 4 కిలోల స్టీలు. అంటే 8 వేల బస్తాలు, అదే 400 టన్నుల సిమెంటు, 80 టన్నుల స్టీలు. మీ కట్టడం తాలూకు కార్బన్‌లో పెద్ద వాటా ఈ రెండిట్లోనే ఉంటుంది, కాబట్టి మొదలుపెట్టాల్సింది సిమెంటు ఇండెంటు దగ్గర.

సిమెంటులో అసలు తంటా అంతా క్లింకర్‌తో. సున్నపురాయిని 1,450 డిగ్రీల దాకా కాలిస్తే వచ్చే ఉండలే క్లింకర్. కొలిమిలో బొగ్గు పొగ సంగతి అందరికీ తెలుసు కానీ, కాలినప్పుడు రాయిలోంచే బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ దానికంటే ఎక్కువ, అది ఏ ఇంధనం మార్చినా ఆగదు. మొత్తం కలిపి టన్ను క్లింకర్‌కి 0.8 టన్ను పైచిలుకు పడుతుంది. ఓపీసీ, అంటే ఏమీ కలపని మామూలు సిమెంటు, బస్తాలో దాదాపు అంతా ఇదే. బూడిద కలిపిన సిమెంటు పీపీసీ, అందులో 15 నుంచి 35 శాతం దాకా థర్మల్ కేంద్రాల బూడిద కలపొచ్చని ఐఎస్ 1489 అనే భారతీయ ప్రమాణం చెబుతుంది, స్లాగు సిమెంటులో అయితే 25 నుంచి 70 శాతం దాకా ఉక్కు ఫ్యాక్టరీల కొలిమిలో మిగిలే చిట్టెం, అదే స్లాగు, కలపొచ్చని ఐఎస్ 455. అంత మేరకు క్లింకర్ తగ్గినట్టే. మీ 400 టన్నులూ ఓపీసీ నుంచి పీపీసీకి మారిస్తే సుమారు 100 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, పైగా పీపీసీ ధర మామూలుగా కాస్త తక్కువే. దీనికి కన్సల్టెంటు అక్కర్లేదు, డీలరుకి ఒక ఫోను చాలు.

దూరం గురించి చాలామంది పొరబడతారు. హుజూర్‌నగర్ వైపు నుంచో జగ్గయ్యపేట నుంచో మీ సైటుకి 200 కిలోమీటర్లు వచ్చిన సిమెంటుకి రవాణా పొగ ఎంతో లెక్కేస్తే, 400 టన్నులకీ కలిపి ఓ 8 టన్నులు తేలుతుంది. పైన చెప్పిన 100 టన్నుల ముందు అదెంత? సిమెంటు విషయంలో ఎంత దూరం నుంచి వచ్చిందనేదాని కంటే ఏ రకం అన్నదే ముఖ్యం. ఇసుక దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఇసుక తీయడానికి అయ్యే కార్బన్ తక్కువ, గోదావరి నుంచి హైదరాబాద్ దాకా 250 కిలోమీటర్లు మోసుకురావడమే దాని బరువంతా. అందుకే ఊరి చుట్టుపక్కల క్వారీల్లో రాయి నలగ్గొట్టి చేసే రోబో శాండ్‌కి ఇక్కడ గట్టి న్యాయం ఉంది. స్లాబులకి ఒక రకం, ప్లాస్టరింగుకి ఇంకో రకం వస్తాయి, రెండూ కలిపేయకండి. దుమ్ము ఎక్కువుంటే నీళ్లు తాగేసి పగుళ్లు తెస్తుంది. 75 మైక్రాన్ల కంటే సన్నటి దుమ్ము 15 శాతం మించకూడదని ఐఎస్ 383 అంటుంది, టెస్టు రిపోర్టు అడిగి ఫైల్లో పెట్టుకోండి.

ఇక మీ మేస్త్రీ పీపీసీ అనగానే "అది లేటుగా పట్టుకుంటది సార్" అంటాడు, అందులో నిజం లేకపోలేదు. మొదటి వారంలో బలం నెమ్మదిగా వస్తుంది, 28 రోజులకి అందుకుంటుంది, ఆ తర్వాత కూడా పెరుగుతూనే ఉంటుంది. గొడవ ఎక్కడొస్తుందంటే సెంట్రింగువాడు ఇంకో సైటుకి పలకలు కావాలని తొందరపడి ముందే విప్పేసినప్పుడు. నీళ్లు కొట్టడం ఓపీసీకి కనీసం 7 రోజులైతే, పీపీసీ లాంటి బ్లెండెడ్ సిమెంటుకి 10 రోజులని ఐఎస్ 456లో ఉంది. మన ఎండలకి, అంటే వేడిగా పొడిగా ఉండే చోట, అవే 10, 14 రోజులవుతాయి. ఆ 14 రోజులు షెడ్యూల్లో ముందే రాసుకోండి, లేదంటే పీపీసీని తిట్టి ఓపీసీకే పోతారు. రెడీమిక్స్ తెప్పిస్తుంటే ప్లాంటువాళ్లు ఓపీసీలో బూడిదో స్లాగో వాళ్లే కలుపుతారు, ఎంత కలిపారో మిక్స్ డిజైన్ కాగితం మీద ఉంటుంది, అడిగితే ఇస్తారు. సైటులో మాత్రం పీపీసీ బస్తాలో మళ్లీ బూడిద కలిపే తెలివితేటలు ఎవరైనా చూపిస్తే వెంటనే ఆపండి.

స్టీలుకి పెద్ద సూత్రాలేం లేవు, ముక్కలు తగ్గించడమే. 12 మీటర్ల రాడ్లని బార్ బెండర్ తన లెక్కన కోసేస్తూ పోతే 80 టన్నుల్లో 5 శాతం ముక్కలకింద పోయినా 4 టన్నులు, అంటే ఇప్పటి రేట్లకి రెండు లక్షల పైమాట. స్ట్రక్చరల్ ఇంజినీరు చేత బార్ బెండింగ్ షెడ్యూలు రాయించి ఏ రాడ్డులో ఏ ముక్కలు రావాలో ముందే కుదుర్చుకుంటే ఇందులో సగం ఆగిపోతుంది. ఏ గ్రీన్ సర్టిఫికెట్ లేకుండా జేబులోకి తిరిగొచ్చే డబ్బు ఇది.

ప్రశ్న: ఇంటి మేడ మీద రెండు గదులు బూడిద ఇటుకలతో వేయించాం. ఆరు నెలలకే గోడల మీద వెంట్రుక పగుళ్లు వచ్చాయి. మా మేస్త్రి "నే చెప్పలే? ఎర్ర ఇటుకే ఇటుక" అని కనపడ్డప్పుడల్లా దెప్పుతున్నాడు. పర్యావరణం అని పోయి మోసపోయామా?
– గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీకొచ్చిన కష్టం నాకూ వచ్చింది. కొన్నేళ్ల కిందట ఒక సైటుకి ఇటుక మీద నలభై పైసలు తక్కువకి వస్తోందని ఒక యార్డు నుంచి పది లోడ్లు తెప్పించాను. దించుతుంటే ఇటుకలు చేతికి చెమ్మగా తగిలాయి, పట్టించుకోలేదు. వారం కూడా నానబెట్టని ఇటుకలని తర్వాత తెలిసింది. గోడ లేచాక అవి ఎండుతూ కుంచించుకుపోయాయి, రెండంతస్తుల ప్లాస్టరింగు చెక్కి మళ్లీ చేయించాల్సొచ్చింది. నలభై పైసల ఆదాకి వేలల్లో చెల్లించాను. తప్పు బూడిదది కాదు, తొందరది, అందులో నా తొందర కూడా ఉంది.

బూడిద ఇటుక బట్టీలో కాలదు, నీళ్లలో గట్టిపడుతుంది. ప్రెస్సులోంచి వచ్చాక రెండు మూడు వారాలు తడిపి ఆరబెట్టి అమ్మాలి. ఈసారి కొనేటప్పుడు యార్డుకి మీరే వెళ్లండి. రెండిటిని కొడితే ఖంగుమనాలి, నడుమెత్తు నుంచి నేల మీద పడేస్తే ముక్కలు కాకూడదు. ఒకటి ఇంటికి తెచ్చి ఎండబెట్టి తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. 20 శాతం కంటే ఎక్కువ పెరగకూడదు, అంటే 3 కిలోల ఇటుక 600 గ్రాములకు మించి నీళ్లు తాగకూడదు. పిల్లర్‌కీ గోడకీ అతుకు ఉన్నచోట ప్లాస్టరింగు కింద చికెన్ మెష్ కొట్టించండి, మీ పగుళ్లు ఆ అతుకుల దగ్గరే ఎక్కువ ఉంటే కారణం ఇటుక కాదు, ఆ మెష్ లేకపోవడం. వెంట్రుకవాసి పగుళ్లకి భయం లేదు, ఒక ఎండాకాలం పోనిచ్చి పూడ్పించి రంగు వేయించండి.

మోసపోలేదు మీరు. పైగా చట్టం కూడా ఇటే చెబుతోంది. థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు కట్టేవాళ్లు, ధర ఎక్కువ కాకపోతే, బూడిదతో చేసిన ఇటుకలే వాడాలని 2021 డిసెంబర్ 31 నాటి కేంద్ర నోటిఫికేషన్‌లో ఉంది. రామగుండం, పాల్వంచ, ఇబ్రహీంపట్నం, పరవాడ, ముద్దనూరు చుట్టూ 300 కిలోమీటర్ల గిరులు గీస్తే రెండు రాష్ట్రాల్లో బయట మిగిలే ఊరు వెతుక్కోవాలి. అమలు ఎలా ఉందో వీధిలో నడిస్తే మీకే కనపడుతుంది.

మీ మేస్త్రికి ఎర్ర ఇటుక గురించి ఇంకో మాట చెప్పండి. అది పొలం పైమట్టి, ఒక్కో ఇటుక కాలడానికి బొగ్గో ఊకో తింటుంది, ఇదంతా అందరూ చెప్పేదే. పెద్దపల్లి వైపు బట్టీల్లో పనిచేసేవాళ్లలో చాలామంది ఒడిశాలోని బొలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి అడ్వాన్సు తీసుకుని కుటుంబాలతో వచ్చేవాళ్లు. ఆ అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వని బట్టీలు, 1976లో వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చాక కూడా, అధికారుల దాడుల్లో మళ్లీ మళ్లీ బయటపడ్డాయి. అన్ని బట్టీలూ అలాంటివని అనను. కానీ సప్లై చైన్ శుభ్రంగా ఉందా అని అడగడమంటే పొగ ఒక్కటే కొలవడం కాదు, ఆ ఇటుక కోసిన చేతుల సంగతి కూడా అడగాలి. మన దగ్గర ఎవరూ అడగరు, నేనూ చాలాకాలం అడగలేదు.

ప్రశ్న: బాచుపల్లిలో ఫ్లాటు బుక్ చేశాం. బ్రోషర్ నిండా ఆకులే, "గ్రీన్ సర్టిఫైడ్", "ఎకో ఫ్రెండ్లీ మెటీరియల్స్" అని ఉంది. అడుగుకి రెండొందలు ఎక్కువ తీసుకున్నారు. నిజమో కాదో తెలుసుకునే దారి ఉందా?
– ఒక ప్రభుత్వ ఉద్యోగి

జవాబు: ఉంది. ముందు అది ప్రీ సర్టిఫికేషనా, ఫైనల్ సర్టిఫికేషనా అడగండి. ప్రీ అంటే డ్రాయింగులు, ప్లాను చూసి ఇచ్చేది, అంటే ఇలా కడతామన్న మాటకి ఇచ్చేది. కట్టాక బిల్లులూ లెక్కలూ చూసి ఇచ్చేది ఫైనల్. అమ్మకాలప్పుడు ఉండేది మొదటిదే, రెండోది వస్తుందన్న గ్యారంటీ ఏమీ లేదు. ఏ స్థాయి రేటింగు, ఎప్పటికి ఫైనల్ తెస్తారు అన్నది అగ్రిమెంటులో రాయించుకోండి. స్పెసిఫికేషన్లలో పీపీసీ, బూడిద ఇటుక అని రాసుంటే మీ అనుమతి లేకుండా మార్చడానికి రెరా చట్టం 14వ సెక్షన్ ఒప్పుకోదు.

"ఎకో ఫ్రెండ్లీ" లాంటి గాలి మాటలకి ఆధారం చూపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబర్‌లో గ్రీన్‌వాషింగ్ మీద మార్గదర్శకాలు తెచ్చింది. కాబట్టి సేల్స్ అమ్మాయిని కాదు, సైటు ఇంజినీరుని కలిసి మూడు కాగితాలు అడగండి: సిమెంటు చలానా (ఏ రకం సిమెంటు దిగిందో అందులో ఉంటుంది), రెడీమిక్స్ డిజైన్, ఇటుకల బిల్లు. నిజంగా చేసినవాడు గర్వంగా చూపిస్తాడు. "మేనేజిమెంటుని అడిగి చెప్తాం సార్" అన్నారంటే మీకు అర్థమయ్యే ఉంటుంది.

గ్రీన్ రేటింగులు మనకి కొత్త కూడా కాదు. అమెరికావాళ్ల గ్రీన్ బిల్డింగు రేటింగు లీడ్, అందులో అన్నిటికంటే పైదైన ప్లాటినాన్ని అమెరికా బయట తెచ్చుకున్న తొలి భవనం 2003లో మన హైదరాబాద్‌దే, కొండాపూర్ దగ్గర పరిశ్రమల సమాఖ్య సీఐఐ వాళ్ల సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్.

ప్రశ్న: విజయవాడలో ఒక మోస్తరు నిర్మాణ కంపెనీలో పర్చేజ్ మేనేజర్ని. ఎండీ గారు "మనకీ గ్రీన్ ప్రొక్యూర్‌మెంట్ పాలసీ కావాలి, నెలలో రాసివ్వు" అన్నారు. సప్లయర్లని కార్బన్ డేటా అడిగితే నా మొహం చూస్తున్నారు. టెన్షన్‌గా ఉంది, ఏం రాయాలి?

జవాబు: పాలసీ ఒక పేజీ దాటనివ్వకండి, ఎందుకంటే రెండో పేజీ ఎవరూ చదవరు, మీ ఎండీ గారితో సహా. ఇటుకల యూనిట్ నడిపే ఆయన్ని కార్బన్ డేటా అడిగితే మొహం చూడక ఏం చేస్తారు? ఆయన చెప్పగలిగేవి అడగండి. బూడిద ఏ థర్మల్ కేంద్రం నుంచి తెస్తున్నారు, ఎన్ని రోజులు నానబెడతారు, మా సైటుకి ఎన్ని కిలోమీటర్లు, తిరుగు లారీ ఖాళీగా పోతుందా. ఈ నాలుగూ పర్చేజ్ ఆర్డర్ (పీఓ) వెనకాల ఒక ఫారంలా పెట్టండి, మూడు నెలల్లో మీ దగ్గరున్న డేటా ఏ కన్సల్టెంటు దగ్గరా ఉండదు. తిరుగు లారీ మాట ఉత్తినే అనడంలేదు, కంకర దించి క్వారీ వైపు ఖాళీగా వెళ్లే టిప్పర్‌కి మీ సైటు మట్టి ఎత్తించగలిగితే ఒక ట్రిప్పు డీజిల్ మిగిలినట్టే.

పెద్ద కంపెనీల సరుకైతే కాగితాలు దొరుకుతాయి. సిమెంటు, టైల్సు, రంగుల్లో సీఐఐ ఇచ్చే గ్రీన్‌ప్రో ముద్ర ఉన్నవి చాలానే ఉన్నాయి. స్టీలుకి కేంద్రం 2024 డిసెంబర్‌లో కొలమానం ప్రకటించింది, టన్నుకి 2.2 టన్నుల లోపు కార్బన్ ఉంటేనే గ్రీన్ స్టీలు, 1.6 లోపైతే ఐదు నక్షత్రాలు. ఈరోజు మీకు కావలసిన సైజుల్లో అది దొరక్కపోవచ్చు, అయినా ఎంక్వయిరీలో అడగడం మొదలుపెట్టండి, పదిమంది అడిగితేనే డీలర్ పైవాళ్లని అడుగుతాడు. స్థానికం అన్న మాటకి, గ్రీన్ బిల్డింగు రేటింగులిచ్చే ఐజీబీసీ పెట్టుకున్న హద్దు 400 కిలోమీటర్లు, మీరూ అదే పెట్టుకోవచ్చు, అయితే ముందే చెప్పినట్టు ఇసుకకీ కంకరకీ ఇటుకకీ దాన్ని 100కి కుదించండి.

ఇప్పుడు అసలు మాట, ఇది మీ ఎండీ గారికి నచ్చకపోవచ్చు. మీ పేమెంట్లు ఎన్ని రోజులకి వెళ్తున్నాయి? మన నిర్మాణ రంగంలో చిన్న సప్లయర్‌ని తొంభై రోజులు, నూట ఇరవై రోజులు తిప్పించుకోవడం మామూలైపోయింది. ఇటుకలని మూడు వారాలు యార్డులో నానబెట్టమని మీరంటారు, అంటే ఆయన డబ్బు మూడు వారాలు యార్డులో ఇరుక్కుంటుంది, ఆ పైన మీరు మూడు నెలలు ఆపుతారు. ఆయనేం చేస్తాడు? వారానికే లోడు ఎత్తిస్తాడు. గుంటూరు పాఠకురాలి గోడ పగుళ్లకి మూలం ఎక్కడో మీ అకౌంట్స్ సెక్షన్‌ లాంటి చోటే ఉండొచ్చు. సూక్ష్మ, చిన్న తరహా యూనిట్లకి 45 రోజుల లోపు చెల్లించాలని ఎంఎస్ఎంఈ చట్టం ఎప్పటినుంచో చెబుతోంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆ గడువు దాటిన బాకీని, కట్టేదాకా, పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోవడానికి కూడా లేదు. మీ ఒక్క పేజీ పాలసీలో మొదటి వాక్యం ఇదే పెట్టండి: నాణ్యత పరీక్ష నెగ్గిన చిన్న సప్లయర్‌కి 30 రోజుల్లో చెల్లింపు. తర్వాతవి మెల్లగా రాసుకోవచ్చు.

ప్రశ్న: అన్నా, డాలస్‌లో ఉంటాం. ఖమ్మంలో అమ్మానాన్నలకి ఇల్లు కట్టిస్తున్నాం. ఫ్లోరింగ్ ఇటాలియన్ మార్బుల్ అనుకున్నాం, మా ఆవిడ పర్యావరణం అంటోంది. ఏం చేయమంటావ్?

జవాబు: మీ ఆవిడ మాట వినండి తమ్ముడూ. తాండూరు బండలు గానీ బేతంచెర్ల బండలు గానీ వేయించి పాలిష్ పట్టించండి. భూమిలోంచి తీసి కోసిన రాయి, కొలిమి అక్కర్లేదు, మోర్బీ టైల్సులా వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం కూడా ఉండదు. ఎండాకాలంలో కాళ్లకి చల్లగా ఉంటుంది, పెద్దవాళ్లు జారి పడకుండా వాళ్ల గదిలోనూ బాత్రూం ముందూ మాత్రం పాలిష్ లేకుండా వదిలేయమని చెప్పండి. మిగిలిన డబ్బుతో అమ్మానాన్నల్ని ఒకసారి డాలస్ పిలిపించుకోండి, ఆ విమానం కార్బన్ లెక్క మాత్రం నన్ను అడగొద్దు.

ప్రశ్న: హిమాయత్‌నగర్‌లో మా తాతగారి కాలం ఇల్లు పడగొట్టి అపార్టుమెంటుకి ఇస్తున్నాం. శిథిలాలు డెవలపర్ చూసుకుంటాడంటున్నాడు. అంతటితో మా బాధ్యత అయిపోయినట్టేనా?

జవాబు: "చూసుకుంటాడు" అంటే సాధారణంగా రాత్రి పన్నెండుకి ఏ చెరువు గట్టునో టిప్పర్ ఎత్తేయడం. హైదరాబాద్‌లో జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో శిథిలాలని చూర్ణం చేసి కంకర, ఇసుక వేరుచేసే ప్లాంట్లు ఉన్నాయి, ఒక్కోటి రోజుకి 500 టన్నుల సామర్థ్యంతో పెట్టినవి. అక్కడికే పంపాలని అగ్రిమెంటులో రాయించి, ప్రతి ట్రిప్పుకీ కాటా చీటీ మీకివ్వాలని షరతు పెట్టండి. అందులో కాంక్రీటు ముక్కల నుంచి వచ్చిన కంకరని ఎం25, అంతకంటే తక్కువ బలం గ్రేడు ఆర్‌సీసీలో 20 శాతం దాకా వాడొచ్చని 2016 నాటి ఐఎస్ 383 ఒప్పుకుంది, పునాది కింద వేసే లీన్ కాంక్రీటులో అయితే మొత్తం అదే వాడొచ్చు. మీ డెవలపర్‌కి ఇది తెలియకపోతే మీరే చెప్పండి. 20 వేల చదరపు మీటర్లు, ఆ పైన కట్టేవాళ్లకి శిథిలాల రీసైక్లింగ్ బాధ్యత వాళ్లదేనని కొత్త నియమాలు 2025లో వచ్చాయి, అమలు 2026 ఏప్రిల్ 1 నుంచి. మీది అంత పెద్దది కాకపోవచ్చు, అయినా చీటీలు అడగడానికి చట్టం అక్కర్లేదు కదా.

ఇంకోటి. పడగొట్టే కాంట్రాక్టరు మిమ్మల్ని డబ్బు అడగడు, ఎదురు మీకే ఇస్తానంటాడు. ఎందుకంటే పాత ఇంట్లో స్టీలు కంటే విలువైనవి టేకు దూలాలు, గుమ్మాలు, కిటికీలు. వాటి లెక్క వేరే రాయించండి. షాబాదు బండలు నేల మీద ఉంటే పగలగొట్టకుండా లేపించండి, తిరగేసి పాలిష్ పట్టిస్తే పార్కింగుకి సరిపోతాయి. వీధి గుమ్మం ఒక్కటి మాత్రం అమ్మకుండా పక్కన పెట్టించుకోండి, కొత్త ఫ్లాటులో పూజగదికి కొలత సరిపోతుందో లేదో ఇవాళే టేపు పెట్టి చూసుకోండి, ఎందుకంటే జేసీబీ వచ్చిన రోజు ఎవరూ మీ మాట వినే స్థితిలో ఉండరు.